నా కళ్ళకి వైద్యం

"కళ్ళు తెరవకమ్మా, మందు కారిపోతుంది," అంది అమ్మాయి నా గడ్డం గట్టిగా పట్టుకుని.

"కారిపోనీ. లోపల రోగమంటూ ఉంటే కదా అది పనిచేసేది!"

"మళ్ళీ మొదలెట్టావా? డాక్టరు ఏమన్నాడు?"

"బాగానే ఉన్నాయన్నాడు."

"బాగానే ఉన్నాయి, పొడిబారాయి, అలసట ఎక్కువైంది అన్నాడు. సగం మాట మింగేస్తావేంటి?"

"మీ అమ్మ అంతే," అన్నారు బల్లకి అవతలి కుర్చీలోంచి ఆయన. "ఇష్టమైన ముక్కే వింటుంది."

నాకు ఒళ్ళు మండింది. కానీ కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, కూతురి చేతిలో గడ్డం పెట్టి ఎవరితోనైనా ఏం పోట్లాడతాం? ఊరుకున్నాను. ఈ నెల్లాళ్ళుగా నేను చేస్తున్న పని అదే.

"సాయంత్రం మీ ప్రెస్సు ఓనరు వస్తానన్నాడుగా," అంది అమ్మాయి మందు సీసా మూత పెడుతూ. "ఆయన ముందు నోరు పారేసుకోకు. తప్పు జరిగింది, ఒప్పుకున్నావు, అయిపోయింది. కొన్నాళ్ళు పని మానేస్తే కొంపలేం మునిగిపోవు. వస్తా నాన్నా, సాయంత్రం మళ్ళీ వస్తాను."

ఒప్పుకున్నానట! నేనెప్పుడు ఒప్పుకున్నాను? నోరు మూసుకున్నాను, అంతే. ఈ ఇంట్లో ఆ రెండింటికీ తేడా లేకుండా పోయింది.

ఆయనా నేనూ ప్రెస్సుకి ప్రూఫులు దిద్దుతాం. పెళ్ళయిన కొత్తలో మొదలెట్టిన పని. ఆ బల్లకి అటు ఆయన, ఇటు నేను. రచయిత రాసిచ్చిన ప్రతి నా చేతిలో ఉంటుంది, అచ్చుకి వెళ్ళబోయే కాగితం ఆయన ముందుంటుంది. నేను కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతాను. ఆయన తన కాగితంలో అదే లైను మీద పెన్ను నడుపుతూ "ఊఁ" అంటారు. నేను చదివింది అక్కడ లేకపోయినా, అక్కడున్నది నేను చదవకపోయినా "ఆగు" అంటారు. ప్రెస్సులో అందరూ ఆయన్ని డేగకన్ను అంటారు. నాకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు.

కిందటి నెల ఒక పుస్తకం అచ్చయి వచ్చింది. రిటైరైన బడిపంతులుగారు ఒకాయన రాసుకున్న జీవితకథ. అందులో ఆయన భార్య పోయిన ఘడియ గురించి రాసిన రెండు లైన్లు ఎగిరిపోయాయి. ఒక పేరాలో ఆవిడ మంచం మీద ఉంది, మంచినీళ్ళు అడుగుతోంది. తర్వాతి పేరాలో ఆయన ఒక్కడే పొయ్యి వెలిగించుకుంటున్నాడు. పంతులుగారు ప్రెస్సుకి వచ్చి ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదట. "ఆ రెండు లైన్లు రాయడం కోసమే ఈ పుస్తకం మొదలుపెట్టానండీ," అని అక్కడే కూర్చుని ఏడ్చారట.

ఓనరు పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాడు. అప్పుడు ఈయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"తను చదవలేదండీ. ఆ రెండు లైన్లలో మొదటిదీ, వాటి తర్వాత వచ్చేదీ ఒకే మాటతో మొదలవుతాయి. కంపోజ్ చేసినవాడి కన్ను జారిన చోటే తన కన్నూ జారింది. తను చదవనిది, నా కాగితంలో లేనిది, పోయిందని నాకెలా తెలుస్తుంది చెప్పండి?"

తిరుగులేని మాట. మా పనిలో అలాంటి జారుడు ఎవరికైనా జరుగుతుంది. కానీ నేను ఆ లైన్లు చదివినట్టే నాకు గుర్తు. చదివానని రుజువేది? ఆ గదిలో విన్నది ఆయనొక్కరే. ఆయన వినలేదంటున్నారు. చదివానా, చదవలేదా అని ఆలోచించి ఆలోచించి చివరికి నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. రోడ్డు మీద దుకాణం బోర్డు కనబడితే రెండుసార్లు చదువుకునేదాన్ని. మింగలేను, కక్కలేను.

ఇక వైద్యం మొదలైంది. ఒక్కొక్కరూ ఒక్కో ధన్వంతరి. అమ్మాయి చుక్కల మందు తెచ్చింది. కళ్ళజోళ్ళ షాపతను అద్దాలు మార్చాడు. అందర్నీ మించిన వైద్యుడు మా ఆయన.

ఆ మధ్యాహ్నం కూడా అదే తంతు. అమ్మాయి వెళ్ళగానే లేచి, బల్ల మీద దీపం పట్టుకుని జరపడం మొదలెట్టారు.

"దీపం ఎదురుగా పెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? భుజం వెనకనుంచి రావాలి వెలుతురు. కాగితం మీద మెరుపు పడిందంటే కళ్ళు లాగేస్తాయి."

"సరే."

"గదంతా చీకటి చేసుకుని ఒక్క దీపం వేసుకోకు. గదిలోనూ కాస్త వెలుగుండాలి."

"సరే."

"కాగితం బల్ల మీద పరిచి దాని మీదకి వంగకు. వెనకాల పుస్తకాలు పెట్టి ఏటవాలుగా నిలబెట్టుకో. పేజీ అయ్యాక తలెత్తి కిటికీలోంచి దూరంగా ఏదైనా చూడు. చదివేటప్పుడు రెప్పలు వెయ్యడం మర్చిపోతాం, అందుకే మంటలు. గుర్తు పెట్టుకుని వెయ్యి."

"రెప్పలు కూడా మీరు చెప్తేనే వెయ్యాలా?"

"వెటకారం వద్దు. నీ మంచికే చెప్తున్నాను."

ఈ నెల్లాళ్ళుగా ఆయన చెప్పినవన్నీ చేస్తూ వచ్చాను. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. సాయంత్రం అయ్యేసరికి వచ్చే తలనొప్పి పోయింది. సన్నక్షరాలు సుఖంగా చదువుతున్నాను. అక్కడే నన్ను అనుమానం పురుగు తొలిచింది. నా కళ్ళు ఇంత బాగుంటే ఆ రోజు ఎలా జారాయి?

"ఇవన్నీ మీకెవరు చెప్పారండీ?" అన్నాను.

"ఎవరో చెప్పాలా? ఎక్కడో చదివాను."

"ఎక్కడ?"

"పేపర్లోనో, దేన్లోనో. ఇప్పుడదంతా ఎందుకు?" అంటూ తన సొరుగు లాగి, తడిమి, ఒక నల్ల అట్ట తీశారు. మధ్యలో ఒక్క లైను పట్టేంత సందు కోసి ఉంది. "ఇది కాగితం మీద పెట్టుకుని చదువు. పక్క లైన్లు కనబడవు. కన్ను జారదు."

చేతిలోకి తీసుకుని చూశాను. కొత్తదనుకున్నాను. అంచులు అరిగిపోయి ఉన్నాయి. రెండు మూలలా వేళ్ళు పట్టుకున్న చోట జిడ్డు మరకలు. ఒక మూల విరిగితే గోధుమరంగు టేపు వేసి అతికించి ఉంది.

"ఇది ఎవరిదండీ?"

ఆయన దీపం ఇంకాస్త జరిపారు.

"నా కోసం చేసిందైతే కాదు. ఎవరిది?"

"పాతది. ఎప్పుడో చేసుకున్నాను. కళ్ళు అలసినప్పుడు వాడేవాణ్ణి. దానికింత రాద్ధాంతమేంటి?"

నేను రాద్ధాంతం చెయ్యలేదు. నా కుర్చీలో కూర్చున్నాను. అచ్చయిపోయిన పాత పుస్తకం ప్రూఫు ఒకటి అలమారలోంచి తీసి ఆయన ముందు పెట్టాను, దాని రాతప్రతి నేను తీసుకున్నాను.

"సాయంత్రం ఓనరు వచ్చే లోపల ఒకసారి చదువుదాం రండి. నా కళ్ళు ఎంత బాగుపడ్డాయో మీరే చూద్దురుగాని."

ఆయన సొరుగు మూసేశారు. తర్వాత పెన్ను తీశారు.

నేను చదివాను. ఆయన "ఊఁ" అన్నారు. చదివాను, "ఊఁ". మూడో పేరాలో కావాలని రెండు లైన్లు వదిలేసి కిందకి దిగాను. ఆయన కాగితంలో ఆ రెండు లైన్లూ నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. తలకిందులుగా ఇటునుంచి నాకే కనబడుతున్నాయి.

"ఊఁ," అన్నారాయన.

ఈసారి పేజీలో సగం వదిలేశాను. మధ్యనుంచి అందుకుని చదివాను. ఆయన పెన్ను ఇంకా పైనే ఉంది, మెల్లగా, బుద్ధిగా, ఒక్కో లైనూ దిగుతోంది.

"ఊఁ."

రాతప్రతి బల్ల మీద పెట్టేశాను.

"ఏమే, ఆగిపోయావు?"

"ఎప్పట్నుంచండీ?"

ఆయనకి అర్థమైంది. డొంకతిరుగుడు ఏమీ చెయ్యలేదు, అది మాత్రం చెప్పాలి. పెన్నుకి మూత పెట్టి, కళ్ళజోడు తీసి, ఒళ్ళో పెట్టుకున్నారు.

"పోయిన వానాకాలం నుంచి."

"ఏమీ కనబడదా?"

"కనబడుతుంది. ఎటు చూస్తే అటు మధ్యలో మచ్చ. చుట్టూ కనబడుతుంది. అక్షరం మీద చూపు పెడితే అక్షరం మాయమవుతుంది. మొదట్లో అలసటేననుకున్నాను. నీకు చెప్పినవన్నీ ముందు నేను చేసినవే. దీపం మార్చాను, అట్ట కోసుకున్నాను, రెప్పలు వేశాను. అలసటైతే తగ్గేది. ఇది తగ్గదన్నాడు డాక్టరు. ఇంకా పెరగకుండా చూడటమే తప్ప పోయింది రాదన్నాడు."

"నా మొహం?"

అదెందుకు అడిగానో నాకే తెలీదు. అన్నీ వదిలి అదే వచ్చింది నోటికి.

"నీవైపు తిన్నగా చూస్తే మొహం ఉండదు. జుట్టూ చెవులూ ఉంటాయి. కాస్త పక్కకి చూస్తే కనబడతావు."

ఏడాదిగా ఈ మనిషి నాతో గోడవైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. నేనంటే మొహం మొత్తిందనుకున్నాను. "నా మొహం చూడాలంటే కూడా మీకు కష్టంగా ఉందా" అని ఒకసారి గిన్నె విసిరికొట్టాను కూడా. నన్ను చూడటానికే పక్కకి తిరుగుతున్నాడని నాకేం తెలుసు? లేచి వెళ్ళి ఆయన తల నా పొట్టకి ఆనించుకుందామనుకున్నాను. సగం లేచాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది.

"పంతులుగారి పుస్తకంలో ఆ రెండు లైన్లు..."

"చదివావు," అన్నారు. "అక్కడ నీ గొంతు వణికింది. విన్నాను."

మళ్ళీ కూర్చుండిపోయాను.

"విన్నారు. విని, నేను చదవలేదన్నారు."

ఆయన ఒళ్ళోని కళ్ళజోడు తుడవడం మొదలెట్టారు.

"నెల్లాళ్ళుగా నా కళ్ళల్లో మందు పోయిస్తున్నారు! నా బుద్ధే చెడిపోయిందనుకున్నాను. దారిన పోయే బోర్డులు చదువుకున్నాను పిచ్చిదానిలా! నోరు తెరిచి ఒక్క మాట చెప్పడానికేం వచ్చిందండీ మీకు?"

"నీ కళ్ళు అంటే కొన్నాళ్ళు విశ్రాంతి అంటారు, నయమవుతుందంటారు. నావి అంటే అక్కడితో సరి. ఇంకెవడూ కాగితం ఇవ్వడు. పొద్దున్నే లేచి నేనెక్కడ కూర్చోవాలే? ఏం చెయ్యాలి?"

"నా సంగతో?"

"నువ్వు తట్టుకుంటావనుకున్నాను."

అరవాలనిపించింది. ఏడవాలనిపించింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏదీ చెయ్యలేడు. చివరికి ఆయనే అన్నారు, "సాయంత్రం ఆయన వస్తాడుగా. నేనే చెప్తాను."

"చెప్తారా?"

"చెప్తానన్నానుగా. నువ్వు నోరు విప్పకు. నా నోటితో నేను చెప్తేనే మర్యాద."

నమ్మాను. పిచ్చిదాన్ని కదా! మొహం కడుక్కుని, చీర మార్చుకుని, ఆయనకి ఉతికిన చొక్కా తీసిచ్చాను. గుండీ ఒకటి తప్పుగా పెట్టుకుంటే విప్పి సరిగ్గా పెట్టాను. చొక్కా గుండీ దగ్గర నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు ఆయన. ఆ కాసేపూ నాకు కోపం లేదు.

ఓనరు ఒక్కడే రాలేదు. వెంట ఒక అమ్మాయి ఉంది. సన్నగా, భుజాన సంచితో, గడపలోనే చెప్పులు విప్పి సర్దిపెట్టింది. మా అమ్మాయి కూడా అప్పుడే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎలా ఉన్నాయమ్మా కళ్ళు?" అన్నాడు ఓనరు నాతో. మంచివాడే. నా మీద కేకలెయ్యలేదు ఎప్పుడూ. మా ఆయన్ని మాస్టారంటాడు. "ఈ పిల్ల బాగా చదువుతుందండీ. మీరు కోలుకునేదాకా మాస్టారి ఎదురుగా కూర్చుని చదివిపెడుతుంది. మీరు నొచ్చుకోకూడదు."

నేను ఆయనవైపు చూశాను. చెప్పండి మరి, అన్నట్టు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"మంచి పని చేశారండీ," అన్నారు. "తనకింకా విశ్రాంతి కావాలి. ఇంకా పూర్తిగా తగ్గలేదు."

నా చెవులు నేను నమ్మలేదు. ఆ చొక్కా గుండీ పెట్టిన వేళ్ళు ఇంకా నా చేతులకే ఉన్నాయి కదా అని చూసుకున్నాను. ఇంకా చెప్తారేమో, ఈ మాటకి తోక ఏమైనా ఉందేమో అని ఎదురుచూశాను. ఏమీ లేదు.

ఆ పిల్ల బిడియంగా నా కుర్చీ దగ్గరికి వచ్చింది. "కూర్చోమంటారా మేడమ్?" అని నన్నే అడిగింది. పాపం, దాని తప్పేముంది?

"కూర్చో తల్లీ," అన్నాను. నేను గోడకి ఆనుకున్నాను.

ఓనరు సంచిలోంచి కాగితాల కట్ట తీసి ఆయన ముందు పెట్టాడు. రాతప్రతి ఆ పిల్లకి ఇచ్చాడు. "ఇది కాస్త త్వరగా కావాలి మాస్టారూ. చాలా జాగ్రత్తగా చూడాల్సిన పుస్తకం. అందుకే మీ దగ్గరికే తెచ్చాను, ఇంకెవరికీ ఇవ్వలేదు."

"ఏం పుస్తకమండీ?" అన్నాను.

"ఆస్పత్రుల్లో నర్సులకమ్మా. చంటిపిల్లలకి ఏ మందు ఎంత ఇవ్వాలో, ఎన్ని చుక్కలో, అన్నీ అంకెలే. ఒక్క సున్నా అటూఇటూ అయితే ప్రాణాల మీదకి వస్తుంది."

ఆయన పెన్ను మూత తీశారు. నా కళ్ళ ఎదుటే తీశారు! ఆ పిల్ల మొదటి లైను చదివింది. ఆయన కాగితం మీద పెన్ను పెట్టి "ఊఁ" అన్నారు.

"ఆయనకి కనబడదండీ," అన్నాను.

ఆ పిల్ల చదవడం ఆపేసింది.

"ఏంటమ్మా?" అన్నాడు ఓనరు.

"మా ఆయనకి అక్షరాలు కనబడవు. ఏడాదైంది. పంతులుగారి లైన్లు నేను చదివాను. ఆయన చూడలేదు."

ఆయన నవ్వారు. చిన్నగా, జాలిగా నవ్వారు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

"చూశారుగా," అన్నారు ఓనరుతో. "నెల్లాళ్ళుగా ఇదే వరస. పాపం, తప్పు జరిగిందని లోలోపల కుమిలిపోతోంది. నేనేమీ అనుకోవడం లేదు."

ఓనరు తల దించుకున్నాడు. అమ్మాయి గబగబా వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. "అమ్మా, లోపలికి రా. అందరి ముందూ నాన్నని అలా అనకు. రా, కాసేపు పడుకుందువుగాని."

నా కడుపున పుట్టిన పిల్ల! నన్ను పసిపాపని నడిపించినట్టు నడిపించబోయింది. దాని చెయ్యి తీసేసి బల్ల దగ్గరికి వెళ్ళాను. కట్టలోంచి మధ్య పేజీ ఒకటి లాగి ఆయన చేతిలో పెట్టాను.

"చదవండి."

"ఒద్దే," అన్నారాయన. నాకొక్కదానికే వినబడేంత మెల్లగా.

నన్నెప్పుడూ బతిమాలి ఎరగని మనిషి. ఆ మాటకి నా చెయ్యి వెనక్కి రావాలి. వచ్చేదే. కానీ చంటిపిల్లల మందులండీ అవి! ఎవరి పిల్లలో, ఎక్కడి పిల్లలో.

"ఒక్క లైను చదవండి. నేను అబద్ధాలకోరునని అందరి ముందూ తేలిపోతుంది. నేనే చెంపలేసుకుంటాను. చదవండి."

ఆయన కాగితం పైకెత్తారు. దగ్గరికి తెచ్చారు, దూరం జరిపారు. తల అటు తిప్పారు, ఇటు తిప్పారు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నాన్నా," అంది అమ్మాయి, అదొక్కటే అంది.

కాగితం బల్ల మీద పెట్టేసి, దాని అంచులు కింది కట్టతో సమంగా కలిసేలా వేళ్ళతో తడిమి సర్దారు.

"కనబడదండీ," అన్నారు ఓనరుతో. "ఆవిడ చెప్పింది నిజం."

ఓనరు ఏదో అనబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపారు. బల్ల పట్టుకుని లేచి నిలబడ్డారు. "అమ్మాయీ," అన్నారు. "మీ ఇంట్లో నాకింత చోటుంటుందా?"

"ఇదేం మాట నాన్నా! ఇది నీ ఇల్లు."

"మీ అమ్మ నలుగురిలో నా చేతికి కాగితం ఇచ్చింది. ఇక ఇక్కడ నేనెక్కడ కూర్చోను?"

"నా ఎదురుగా కూర్చోండి," అన్నాను. "ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చోండి. పని లేకపోతే లేకపోయింది. మీకోసం చదివిపెడతాను, కథలు చదువుతాను, పేపరు చదువుతాను. నేను చదువుతుంటే వినడానికి కళ్ళెందుకండీ?"

ఆయన అమ్మాయి చెయ్యి కోసం వెతికారు. అది నావైపు చూసింది. ఏం చెయ్యనమ్మా అన్నట్టు చూసింది. వద్దని చెప్పు, చోటు లేదని చెప్పవే అని నాకు గొంతుదాకా వచ్చింది. నెల్లాళ్ళు నోరు మూసుకున్నదాన్ని, ఇవాళ అనకూడనిదంతా అన్నదాన్ని, ఆ ఒక్క మాట మాత్రం అనలేకపోయాను.

వాళ్ళిద్దరూ గడప దాటారు. ఓనరు కూడా, "ఎక్కించి వస్తానమ్మా," అంటూ వెనకే వెళ్ళాడు. వీధిలో బండి కదిలిన చప్పుడు వినబడింది.

ఆ పిల్ల నా కుర్చీలోనే బిక్కచచ్చి కూర్చుని ఉంది. వేలు ఇంకా రాతప్రతిలో రెండో లైను మీదే ఉంది.

"మేడమ్," అంది. "చదవమంటారా?"

ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి అందులో కూర్చోడానికి నాకు కాళ్ళు రాలేదు.